పైన తెల్లన... లోన చల్లన!

ఇంటికి రంగులు వేయించాలంటే హాల్లోకి ఏ రంగు, పిల్లల గదికి ఏ రంగు అని నెల ముందు నుంచీ చర్చలే. ఎండంతా మోసే డాబా మాత్రం ఎవరికీ గుర్తురాదు. కరెంటు బిల్లు తగ్గించే రంగు ఏదైనా ఉందంటే అది వేయాల్సింది ముందు అక్కడే!

రాత్రి పదకొండు గంటలు. కొండాపూర్‌లో ఓ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. సూర్యుడు అస్తమించి నాలుగు గంటలు దాటింది. బయట గాలి కాస్త చల్లబడింది కూడా. కానీ, ఐదో అంతస్తు ఫ్లాట్‌లో మంచమెక్కి సీలింగ్‌కి చెయ్యి ఆనిస్తే చురుక్కుమంటుంది. ఫ్యాన్ వేస్తే పైనున్న వేడినే కిందికి నెడుతుంది. చేసేది లేక ఏసీని పద్దెనిమిది మీద పెడతారు. గంటైనా గది చల్లబడదు, కంప్రెసర్ ఆగదు.

అదే అపార్ట్‌మెంట్‌లో సరిగ్గా అదే వరసలో మూడో అంతస్తు ఫ్లాట్. ఒకే బిల్డరు, ఒకే సిమెంటు, ఒకే కొలతలు. అక్కడ పిల్లలు ఫ్యాన్ కింద హాయిగా నిద్రపోతుంటారు. ఏసీ వేసినా అరగంటలో గది చల్లబడుతుంది. మే నెల బిల్లులు పక్కపక్కన పెట్టి చూస్తే, పై ఇంటి బిల్లు ఎంత ఎక్కువో తెలుస్తుంది.

తేడా ఒక్కటే. మూడో అంతస్తు నెత్తి మీద ఇంకో ఇల్లుంది. ఐదో అంతస్తు నెత్తి మీద సూర్యుడున్నాడు.

తమాషా ఏమిటంటే, అలాంటి ఇళ్లలో చాలావాటికి ఈ మధ్యే రంగులు వేయించి ఉంటారు. షేడ్ కార్డులు తెప్పించుకుని, హాల్లో టీవీ వెనక గోడకు ముదురు రంగు వేయించి, మిగతా మూడింటికీ లేత రంగు కొట్టించి, సీలింగ్‌కి పీవోపీ డిజైన్లు పెట్టించి... వేలూ లక్షలూ ఖర్చుపెట్టి ఉంటారు. అంతా చుట్టాలకు కనిపించేదే. డాబా మీదికి చుట్టాలెవరొస్తారు? అక్కడ బూడిద రంగు స్లాబు, నల్లటి వాటర్ ట్యాంకులు, డిష్ యాంటెన్నాలు. లీకేజీ వచ్చిందని ఎప్పుడో పరిచిన నల్లటి తారు షీటు. ఎండను పీల్చుకోవడానికి అంతకన్నా మంచి ఏర్పాటు కావాలని చేసినా కుదరదు!

నీడ మాయమయ్యే రోజు

ఇంట్లో వేడి ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే ఎక్కువమంది గోడల వైపే చూపిస్తారు. 'దక్షిణం గోడండీ, అందుకే' అంటారు. హైదరాబాద్‌లో వేసవి లెక్క వేరు. మన నగరం భూమధ్యరేఖకు ఉత్తరంగా పదిహేడున్నర డిగ్రీల దగ్గర ఉంది. ఏటా మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు కాసేపు నీడే ఉండదు. జీరో షాడో డే అని పిల్లలు స్కూల్లో ప్రయోగం చేసేది ఆ రోజే.

కర్రకు నీడ లేదంటే గోడకూ లేనట్టే. అంటే ఆ సమయంలో ఎండ గోడల పక్కనుంచి జారిపోతోంది, పైకప్పు మీద మాత్రం నిట్టనిలువునా పడుతోంది. పొద్దున తూర్పు గోడ, సాయంత్రం పడమటి గోడ ఎండను తింటాయి. దక్షిణం గోడకు మే, జూన్ నెలల్లో ఎండ తగిలేది తక్కువే. దాని వంతు చలికాలంలో వస్తుంది. డాబాకి మాత్రం పొద్దెక్కింది మొదలు పొద్దుగూకే దాకా ఎండే. మండువేసవి మధ్యాహ్నం సిమెంటు స్లాబు 60 డిగ్రీలకు అటూ ఇటుగా కాగుతుంది. చెప్పుల్లేకుండా కాలు పెడితే పెనం మీద పెట్టినట్టే.

ఆ వేడి వెంటనే ఇంట్లోకి దిగదు. నాలుగైదు అంగుళాల కాంక్రీటు దాన్ని మెల్లగా తాగి, మెల్లగా వదులుతుంది. మధ్యాహ్నం రెండింటికి పైన మండిన ఎండ, సాయంత్రానికీ రాత్రికీ కింద గదిలోకి దిగడం మొదలవుతుంది. సరిగ్గా ఆఫీసుల నుంచీ స్కూళ్ల నుంచీ ఇంటికి చేరి, తిని, పడుకునే వేళకి! రాత్రి పదకొండుకి సీలింగ్ చురుక్కుమనడం వెనకున్న రహస్యం ఇదే.

తాతల నాటి వెల్ల

దీనికి విరుగుడు కొత్తదేమీ కాదు. సంక్రాంతికో ఉగాదికో ఇంటికి వెల్ల వేయడం తెలియని తెలుగు ఊరు లేదు. సున్నపు రాయిని కుండలో నానబెట్టి, గుడ్డలో వడగట్టి, కాస్త జిగురు కలిపి, గోడలకు కొట్టేవారు. పండగ కళ సంగతి అలా ఉంచితే, వేసవి ముంగిట్లో ఇల్లు తెల్లబడితే ఎండ బాధ తగ్గుతుందని వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. కాంక్రీటు ఇళ్లొచ్చాక వెల్ల పోయి డిస్టెంపరు వచ్చింది, డిస్టెంపరు పోయి ఎమల్షన్ వచ్చింది, గోడలు నునుపు తేలాయి. స్లాబు మాత్రం సిమెంటు రంగులో మిగిలిపోయింది.

సైన్సు చెప్పేది కూడా అదే. పైకప్పు చల్లగా ఉండాలంటే రెండు గుణాలుండాలి. మీద పడ్డ ఎండను తిప్పికొట్టాలి. తాగిన కాస్త వేడినీ వెంటనే ఆకాశంలోకి వదిలేయాలి. మామూలు సిమెంటు స్లాబు తన మీద పడే ఎండలో మూడో వంతు తిప్పికొడితే గొప్ప. నల్లటి తారు షీటు అయితే పదో వంతు కూడా కష్టమే. కొత్తగా వేసిన మంచి తెల్ల పూత ఎనభై శాతం దాకా వెనక్కి పంపుతుంది. అందుకే ఒకే డాబాలో సగానికి తెల్ల పూత వేసి, సగం వదిలేసి మే నెల మధ్యాహ్నం కొలిస్తే రెండింటికీ మధ్య పదిహేను ఇరవై డిగ్రీల తేడా కనిపిస్తుంది.

రెండో గుణం సంగతి రేకుల షెడ్డులో పనిచేసేవాళ్లను అడగాలి. కొత్త రేకు తళతళా మెరుస్తుంది, ఎండను బాగానే తిప్పికొడుతుంది. కానీ తాగిన వేడిని పైకి వదలడం దానికి చేతకాదు. అందుకే అంత మెరుపూ ఉండి, కింద కొలిమిలా ఉంటుంది. రేకు మీద తెల్ల రంగు పడితే ఆ లోపం తీరుతుంది.

అన్నట్టు, సున్నానికి సంబంధించి ఓ ముచ్చట. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ఎండలో 95.5 శాతాన్ని తిప్పికొట్టే రంగు తయారుచేశామని ప్రకటించారు. అందులో వాళ్లు వాడిన పదార్థం క్యాల్షియం కార్బొనేట్. మన గోడ మీద తడి సున్నం ఆరుతూ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మారేది కూడా క్యాల్షియం కార్బొనేట్‌గానే! ఆ రేణువుల పరిమాణం, మోతాదు, జిగురు విషయంలో ప్రయోగశాలకీ సున్నపు కుండకీ పోలిక లేదనుకోండి. 2021లో అదే బృందం బేరియం సల్ఫేట్‌తో ఆ అంకెను 98.1 శాతానికి తీసుకెళ్లింది.

పక్కనే గచ్చిబౌలిలో...

ఇదంతా ఎక్కడో విదేశాల్లో తేల్చిన విషయమనుకోనక్కర్లేదు. కొండాపూర్‌కి కూతవేటు దూరంలో ఉన్న గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఈ పని ఎప్పుడో చేసింది. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ జాతీయ ప్రయోగశాలతో కలిసి హైదరాబాద్ మహానగర పరిధిలోని రెండు వాణిజ్య భవనాల పైకప్పులకు తెల్ల పూత వేసి, ముందూ వెనకా కరెంటు వాడకాన్ని కొలిచారు. 2011లో నివేదిక వచ్చింది. నల్లగా ఉన్న పైకప్పును తెల్లగా మారిస్తే చదరపు మీటరుకు ఏడాదికి 20 నుంచి 22 యూనిట్లు ఆదా. మామూలు సిమెంటు కప్పును తెల్లగా మారిస్తే 13 నుంచి 14 యూనిట్లు. చల్లదనం కోసం ఖర్చయ్యే కరెంటులో అది మొదటి సందర్భంలో 14 నుంచి 26 శాతం, రెండో సందర్భంలో 10 నుంచి 19 శాతం.

ఈ అంకెల్ని ఇంటికి అన్వయిస్తే? పన్నెండు వందల చదరపు అడుగుల ఫ్లాట్‌కి పైకప్పు సుమారు 110 చదరపు మీటర్లు. మీటరుకు 13 చొప్పున ఏడాదికి 1,400 యూనిట్లు దాటుతుంది. యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే 11 వేల రూపాయల పైమాటే. వినడానికి బాగుంది కదా! తొందరపడకూడదు. వాళ్లు కొలిచింది భవనమంతా ఏసీ నడిచే కార్యాలయాల్లో. పడకగదిలో ఒక్క ఏసీ, అదీ రాత్రిపూట మాత్రమే వేసుకునే ఇంట్లో అంత ఆదా రాదు. మూడో వంతు వచ్చిందనుకుంటే 450 యూనిట్లు, అంటే ఏడాదికి మూడున్నర వేలు.

మరి ఖర్చు? చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలు అవుతుందని 2023లో రాష్ట్ర ప్రభుత్వం కూల్ రూఫ్ విధానాన్ని విడుదల చేసినప్పుడు చెప్పిన మాట. ఆ లెక్కన మన ఫ్లాట్ మీది డాబాకి 33 వేల రూపాయలు. ఇంటి నుంచే పనిచేస్తూ పగలంతా రెండు మూడు ఏసీలు నడిపే కుటుంబానికి మూడు నాలుగేళ్లలో ఖర్చు తిరిగొస్తుంది. ఒక్క ఏసీ ఇంటికి మాత్రం బిల్లులో ఆదా ఒక్కటే చూసుకుంటే తొమ్మిదేళ్లు పడుతుంది. అప్పటికి పూతే ఉండకపోవచ్చు. రంగుల దుకాణంలో 'రెండేళ్లలో మీ డబ్బు మీకే' అని ఎవరైనా అంటే ఈ లెక్క గుర్తుచేసుకోవాలి.

అయితే బిల్లుకి ఇంకో మెలిక ఉంది. వాడకం పెరిగేకొద్దీ ఆపై యూనిట్లకు రేటు పెరుగుతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ కంప్రెసర్ ఆగకుండా తిరిగితే గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్. రోజుకో గంట తగ్గినా నెలకు 45 యూనిట్లు. మీటరు అంచున ఉన్న ఇంటికి ఆ 45 యూనిట్లే కింది రేటుకీ పై రేటుకీ తేడా. ఇంటి స్లాబు కాలితే బిల్లు స్లాబు కూడా మారుతుందన్నమాట!

ఏసీ లేని ఇంట్లో

ఇంతవరకూ చెప్పింది ఏసీ ఉన్నవాళ్ల సంగతి. బిల్లుతో సంబంధమే లేనివాళ్లు ఇంకెందరో ఉన్నారు. కొండాపూర్ వీధుల్లో తలెత్తి చూస్తే డాబాల మీద రేకుల పెంట్‌హౌస్‌లు, వాటిలో అద్దెకుండే బ్యాచిలర్లు కనిపిస్తారు. కట్టే ప్రతి టవర్ పక్కనా కూలీల రేకుల గుడిసెలుంటాయి. వాళ్లకి వేడి తగ్గడమంటే డబ్బు ఆదా కాదు, రాత్రి నిద్ర.

2017లో హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో పాతిక పేద ఇళ్లను ఎంచుకుని ఓ ప్రయోగం చేశారు. అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, ట్రిపుల్ ఐటీ, అమెరికాకు చెందిన ఎన్‌ఆర్‌డీసీ అనే పర్యావరణ సంస్థ కలిసి చేపట్టిన పని అది. డ్యూపాంట్ కంపెనీ ఇచ్చిన తెల్లటి పాలిథిలిన్ పొరను ఆ ఇళ్ల కప్పుల మీద పరిచారు. పరచని ఇళ్లతో పోలిస్తే లోపలి గాలి సగటున 2 డిగ్రీలు చల్లగా ఉంది.

రెండు డిగ్రీలేనా అనిపిస్తుంది. ఏసీ ఉన్నవాళ్లకు రెండు డిగ్రీలంటే రిమోట్ మీద రెండు నొక్కులు. అయినా ఒక్కో డిగ్రీకి ఆరు శాతం దాకా కరెంటు తేడా వస్తుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. ఏసీలన్నీ 24 డిగ్రీలతోనే మొదలవ్వాలని 2020 జనవరి నుంచి కంపెనీలకు నిబంధన పెట్టింది అందుకే. ఏసీ లేని ఇంట్లో, పైగా రేకు కిందో సన్నటి స్లాబు కిందో పసిపిల్లనో ముసలామెనో పడుకోబెట్టే ఇంట్లో ఆ రెండు డిగ్రీలు ఇంకో రకంగా పనికొస్తాయి. వడగాడ్పుల రోజుల్లో మనిషి ఒంటికి పగటి ఎండే కాదు, రాత్రి కూడా వేడి తగ్గకపోవడం చేటు చేస్తుంది.

అహ్మదాబాద్‌లోనూ అదే ఏడాది బస్తీల్లో ఇళ్ల కప్పులకు సున్నం కొట్టే కార్యక్రమం పెద్ద ఎత్తున జరిగింది. ఇలాంటి అనుభవాలన్నీ కలిసి 2023 ఏప్రిల్ 3న తెలంగాణ కూల్ రూఫ్ విధానంగా మారాయి. 2028 నాటికి హైదరాబాద్‌లో 200, మిగతా రాష్ట్రంలో 100, మొత్తం 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలన్నది అందులోని లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి. నివాసాల్లో 600 చదరపు గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టేవాటికి తప్పనిసరి. అంతకన్నా చిన్న ఇళ్ల వాళ్లకి ఇష్టమైతేనే. కాగితం మీద ఇది పెద్ద అడుగే. కానీ కొండాపూర్‌లో పదీ పదిహేనేళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్లు వేలల్లో ఉన్నాయి. వాటి డాబాల సంగతి తేలాల్సింది అసోసియేషన్ మీటింగుల్లోనే.

డాబా అందరిదీ... వేడి ఒక్కరిదీ!

అసలు చిక్కు ఇక్కడే ఉంది. డాబా ఉమ్మడి ఆస్తి. దానికి రంగు వేయాలంటే అందరూ ఒప్పుకోవాలి. లాభం మాత్రం పై అంతస్తు వాళ్లకే! ఆదివారం పొద్దున సెల్లార్‌లో కుర్చీలు వేసుకుని కూర్చున్న మీటింగులో పై అంతస్తు ఆయన ఈ మాట ఎత్తగానే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. 'మాకు లిఫ్టు అక్కర్లేదు, అయినా మెయింటెనెన్స్ కడుతున్నాం. ఇప్పుడు మీ ఏసీ బిల్లు కూడా మేమే కట్టాలా?' అని కింది ఫ్లాటు పెద్దాయన గట్టిగానే అడుగుతారు. అడగడంలో తప్పూ లేదు.

అయితే ఆయనకి చెప్పదగ్గ మాటలు కొన్నున్నాయి. ఎండకి సాగి, రాత్రికి కుంచించుకుని రోజూ సతమతమయ్యే స్లాబుకి పగుళ్లు వస్తాయి. పగుళ్ల నుంచి వాన నీళ్లు దిగుతాయి. లోపలి ఇనుము తుప్పు పడుతుంది. ఆ మరమ్మతు ఖర్చు అందరిదీ. తెల్ల పూత స్లాబు వేడిని తగ్గించి ఆ సాగుడునీ తగ్గిస్తుంది. మంచి పూతల్లో వాటర్‌ప్రూఫింగ్ కూడా కలిసే వస్తుంది. ఎలాగూ నాలుగైదేళ్లకోసారి లీకేజీ పని చేయిస్తారు కాబట్టి, ఆ పనికి నల్ల తారు షీటు బదులు తెల్ల పూత ఎంచుకుంటే అదనంగా అయ్యేది కొంతే. పైగా ట్యాంకులు కూడా డాబా మీదే కదా. మే నెల మధ్యాహ్నం కింది ఫ్లాటులో కుళాయి తిప్పినా చెయ్యి కాలుతుంది. నల్ల ట్యాంకులకూ, పైకి కనిపించే పైపులకూ రెండు చేతుల తెల్ల రంగు వేయిస్తే ఆ ఇబ్బంది కొంతైనా తగ్గేది అన్ని అంతస్తుల వాళ్లకీ.

లెక్క చూసినా మరీ భారం కాదు. ఒక ఫ్లాటు మీద పడే 33 వేలని ఆ వరసలోని ఐదు ఫ్లాట్లు పంచుకుంటే తలా 6,600. పై అంతస్తు వాళ్లు సగం పెట్టుకుని, మిగతా సగం నలుగురూ పంచుకునే ఏర్పాటు న్యాయంగా ఉంటుంది. అదీ కుదరకపోతే పై ఫ్లాటు వాళ్లు అనుమతి మాత్రం తీసుకుని, తమ పడకగదుల మీది మేరకు సున్నమైనా కొట్టించుకోవచ్చు. పెయింటు ఖర్చులో అది చిన్న వంతు. రెండు వానలకు కొట్టుకుపోతుంది, నిజమే. కానీ సున్నం కావాల్సింది మార్చి నుంచి జూన్ దాకానే. వానొచ్చేసరికి దాని పని అయిపోతుంది!

వేయించేటప్పుడు

సంక్రాంతి వెళ్లి ఉగాది వచ్చేలోగా పని పూర్తవ్వాలి. మంచు, వాన లేని రోజులవి. ఎండ మరీ ముదిరాక వేస్తే పూత పట్టు దొరక్కముందే ఆరిపోయి పెచ్చులూడుతుంది. ముందుగా నాచు, దుమ్ము గోకించి కడిగించాలి. పగుళ్లు పూడ్పించాలి. నీళ్లు నిలిచే చోట్ల వాటం సరిచేయించాలి. లేకపోతే ఎంత ఖరీదైన పూతైనా మొదట లేచేది అక్కడే. ఆపైన ప్రైమరు, దాని మీద రెండు పూతలు. ఒక పూతతో సరిపెట్టేస్తానన్న మేస్త్రీతో బేరం వద్దు.

దుకాణంలో 'కూల్ రూఫ్ పెయింట్' అని డబ్బా మీద రాసి ఉంటే చాలదు. సోలార్ రిఫ్లెక్టెన్స్ ఇండెక్స్, అంటే ఎస్‌ఆర్‌ఐ ఎంతో అడగాలి. ప్రామాణికమైన నలుపుకి సున్నా, తెలుపుకి వంద అని పెట్టుకున్న కొలమానం అది. వందకు దగ్గర్లోనో ఆ పైనో ఉంటే మంచి పూత. పరీక్ష నివేదిక చూపించలేని డబ్బా జోలికి వెళ్లకపోవడం మేలు. లోపలి గోడలకు వాడే తెల్ల ఎమల్షన్‌నే డాబా మీద కొట్టేస్తే మొదటి వానాకాలానికే ఊడి వస్తుంది.

కొండాపూర్‌కి ప్రత్యేకమైన శత్రువు ఒకటుంది. దుమ్ము. చుట్టూ ఎక్కడో ఒకచోట పునాదులు తవ్వుతూనే ఉంటారు. తెల్ల డాబా ఏడాది తిరిగేసరికి మాసిపోతుంది, ఎనభై శాతం తిప్పికొట్టింది అరవైకి పడిపోతుంది. వేసవి ముందు ఒకసారి కడిగిస్తే చాలావరకు తిరిగొస్తుంది. ట్యాంకర్ల నీళ్లు కొనుక్కునే రోజుల్లో డాబా కడగడమేమిటని కోపం రావచ్చు. అందుకే ఆ పని ఫిబ్రవరిలోనే కానిచ్చేయాలి. ఎదురుగా ఎత్తయిన టవర్ ఉంటే అక్కడివాళ్ల కళ్లలోకి తళుకు కొట్టొచ్చు. నిగనిగలాడే పూత కన్నా మెరుపు లేని మ్యాట్ రకం అయితే ఆ గొడవ తక్కువ. తడిసినప్పుడు జారకుండా ఉండే రకం అడగడం మరవకూడదు.

పెయింటు వద్దనుకునేవాళ్లకి వేరే దారులున్నాయి. తెల్ల టైల్సు ముక్కలు పరిచే చైనా మొజాయిక్ ఖర్చు ఎక్కువ, ఆయుష్షూ ఎక్కువే. మిద్దె తోట పెంచితే నీడకు నీడ, కూరకు కూర. సోలార్ పలకలు పెట్టించుకుంటే కరెంటు రావడమే కాదు, వాటి నీడ పడినంత మేరా స్లాబు చల్లబడుతుంది. ఇటుక రంగో లేత బూడిదో కావాలనుకుంటే ఎండలోని కంటికి కనపడని భాగాన్ని తిప్పికొట్టే రంగులు కూడా దొరుకుతాయి. ఎండ వేడిలో సగం దాకా ఆ కనపడని కిరణాలదే మరి. అయినా తెలుపుతో అవి సరితూగవు.

మధ్య అంతస్తుల వాళ్ల సంగతి?

వీళ్లకి డాబా రంగుతో ఒరిగేది తక్కువ. వీళ్ల ఇంట్లోకి వేడి వచ్చేది పడమటి గోడ నుంచీ, అంతకన్నా ఎక్కువగా కిటికీ అద్దాల నుంచీ. బయటి గోడలకు ముదురు బూడిద, మెరూన్ వేయించడం ఈమధ్య ఫ్యాషన్. ఎలివేషన్ బాగుంటుందని వేయిస్తారు. ముందువైపు కాస్త సోకు చేసుకున్నా, పడమటి గోడ వరకైనా లేత రంగు ఉంచుకోవడం మంచిది.

కిటికీకి లోపల కట్టే కర్టెన్ ఎంత మందంగా ఉన్నా అద్దం దాటొచ్చిన వేడిని అది ఇంట్లోనే పట్టుకుంటుంది. ముదురు రంగుదైతే మరీనూ. బయటి వైపు తెల్లటి అస్తరు ఉన్న కర్టెన్ దానికన్నా నయం. అన్నిటికన్నా నయం కిటికీ బయటే ఎండను ఆపడం. బాల్కనీకి కట్టిన వెదురు తెర, కిటికీ మీద చిన్న సజ్జ, మధ్యాహ్నం పూట తడిపిన వట్టివేళ్ల తడిక... ఖరీదైన కర్టెన్లు చేయలేని పని ఇవి చేస్తాయి.

మరి అంత ఆలోచించి ఎంచుకునే లోపలి రంగుల మాటేమిటి? వాటితో వెలుతురు పెరుగుతుంది. తెలుపూ మీగడ రంగూ వేసిన గోడ తన మీద పడ్డ వెలుగులో మూడొంతుల దాకా గదిలోకి తిప్పి పంపితే, ముదురు మెరూన్ పదో వంతు పంపడమే కష్టం. ఆ గదిలో పగలు కూడా లైటు వేయాల్సి వస్తుంది. కాకపోతే ఈ ఎల్‌ఈడీ రోజుల్లో దాని లెక్క చిన్నది. తొమ్మిది వాట్ల బల్బు రోజుకు అయిదు గంటలు అదనంగా వెలిగినా నెలకు యూనిటున్నర కూడా కాదు. కాబట్టి టీవీ వెనక గోడకి నచ్చిన ముదురు రంగు వేయించుకుంటే ఎవరి బిల్లూ మునిగిపోదు. సీలింగ్‌ మాత్రం తెల్లగా ఉంచుకుంటే చాలు. పై అంతస్తులో పీవోపీ సీలింగ్ వేయించినంత మాత్రాన వేడి ఆగిపోతుందనుకోవడం మాత్రం పొరపాటు. స్లాబు కాలుతున్నంత కాలం ఆ మధ్య సందులో చేరిన వేడి గాలి కిందికి దిగుతూనే ఉంటుంది.

ఈ చిట్కాలన్నీ ఒకే కప్పు కింద చూడాలనుకునేవాళ్లు దూరం వెళ్లక్కర్లేదు. కొండాపూర్‌ని ఆనుకుని కొత్తగూడలో సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. 2004 జులై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనం అదే. గుండ్రటి ఆ భవనం పైకప్పులో సగానికి పైగా పచ్చికే. మన పాత కోటల్లో కనిపించే జాలీ గోడలు ఎండను వడగట్టి వెలుతురునీ గాలినీ లోపలికి పంపుతాయి. మధ్యలో మండువా లోగిలి లాంటి ఖాళీ జాగా. చుట్టుపక్కల లేచిన అద్దాల మేడలు దాన్ని చూసి నేర్చుకున్నది మాత్రం కొంచెమే.

ఇక డాబాకి తెల్ల రంగంటే ఇళ్లలో పెద్దవాళ్లకి వచ్చే అనుమానం ఒకటుంది. నేల వేడెక్కకపోతే వడియాలు ఎండుతాయా అని! ఎండుతాయి. ఎండ పైనుంచి పడుతూనే ఉంటుంది కదా. కాకపోతే పూత మీద నేరుగా పెట్టకుండా కింద పాత చీరో పంచో పరవాలి. అదెప్పుడూ చేసేదే.